పాలకుల చిట్టాలలో యూదుల వంశచరిత్ర

యూదుల కుటుంబ చరిత్రను తిరిగి నిర్మించడానికి ఈనాడు ఆధారపడుతున్న పత్రాలలో అధిక భాగం చరిత్ర కోసం పుట్టినవి కావు. రెండు శతాబ్దాల క్రితం తూర్పు యూరప్‌లోని ఒక చిన్న పట్టణంలో బతికిన యూదు దర్జీ పేరు, అతని భార్య వయస్సు, వారి కొడుకుల వరుస ఇప్పుడు తెలుస్తున్నాయంటే, ఆ ఇంటి నుంచి తలపన్ను రాబట్టాలనీ, ఆ కొడుకులలో ఒకణ్ణి సైన్యానికి పట్టుకుపోవాలనీ తలచిన ప్రభుత్వం ఆ వివరాలను చిట్టాకెక్కించడమే అందుకు కారణం. సమాజం తన కోసం తాను రాసుకున్న రాతలు వేరు; అవి ప్రధానంగా గతించినవారిని ప్రార్థనలో తలచుకోవడానికి, వారి వర్ధంతులను మరవకుండా ఉండడానికి ఉద్దేశించినవి. ఈ రెండు రకాల రాతలూ ఒకే మనిషిని రెండు పేర్లతో, రెండు తేదీలతో, ఒకచోట తండ్రి ఉన్నవాడిగా మరొకచోట తండ్రి లేనివాడిగా చూపిస్తాయి కనుక, ఏ రాత ఏ అవసరం కోసం పుట్టిందో తెలిసినవారికే వాటి మధ్య పొందిక దొరుకుతుంది.

వంశావళిపై యూదులకున్న పట్టుదల ప్రాచీనమైనది. దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో తొలి తొమ్మిది అధ్యాయాలు దాదాపు పూర్తిగా వంశావళులే. బబులోను చెర నుంచి తిరిగివచ్చిన యాజక కుటుంబాలలో కొన్నింటికి తమ వంశావళి పత్రాలు దొరకకపోవడంతో వారిని యాజకత్వం నుంచి తొలగించారని ఎజ్రా, నెహెమ్యా గ్రంథాలు చెబుతున్నాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్, తాను యాజక వంశీకుడు కనుక, స్వీయచరిత్రను వంశక్రమంతోనే ప్రారంభించాడు. అయితే ఈ పట్టుదల యాజకులకు, పండిత కుటుంబాలకు పరిమితమైనది. మధ్యయుగాలలో ప్రఖ్యాత రబ్బీల వంశాలు, అంటే ధర్మశాస్త్ర పండితుల వంశాలు, తమ క్రమాన్ని జాగ్రత్తగా కాపాడుకున్నాయి. చెప్పులు కుట్టేవాడికి, పాల వ్యాపారికి, సంతలో గుడ్డలమ్మే స్త్రీకి అటువంటి క్రమం రాసిపెట్టినవారు లేరు. ఆ సామాన్యుల చరిత్ర 18వ శతాబ్దం చివర, వారికి ఏమాత్రం ఇష్టంలేని రీతిలో మొదలైంది.

అప్పటివరకు మధ్య, తూర్పు యూరప్‌లోని అష్కెనాజీ యూదులకు, అంటే జర్మన్ ప్రాంతాల నుంచి తూర్పుకు విస్తరించి యిడ్డిష్ మాట్లాడిన యూదులకు, పండిత వంశాలను మినహాయిస్తే తరతరాలుగా వచ్చే ఇంటిపేర్లు లేవు. మనిషిని తండ్రి పేరుతో చెప్పేవారు: యాకోబు కుమారుడు మోషే, మోషే కుమార్తె రివ్కా. అహరోను సంతతిగా చెప్పుకునే యాజకులకు కొహెన్ అనీ, ఆలయ సేవకుల సంతతికి లేవీ అనీ బిరుదు చేరేది. స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీ యూదులు మాత్రం శతాబ్దాల ముందునుంచే స్థిరమైన ఇంటిపేర్లు వాడారు. అందువల్లనే 17వ శతాబ్దం చివర గోల్కొండ రాజ్యపు వజ్రాల కోసం మద్రాసుకు వచ్చిన పోర్చుగీసు యూదు వర్తకుల జాడ లండన్ కుటుంబాల పరిశోధకులకు సులువుగా దొరుకుతుంది. 1687లో మద్రాసులోనే మరణించిన జాక్ ద పైవా, 1688లో ఏర్పడిన మద్రాసు నగరపాలక సంస్థలో ఆల్డర్‌మన్ పదవులు పొందిన యూదు వర్తకులు ఆ కోవకు చెందినవారు. అదే కాలంలో పోలండ్‌లో బతికిన ఒక అష్కెనాజీ వర్తకుణ్ణి, కేవలం తండ్రి పేరే ఆధారంగా, అదే పేర్లున్న మరో పదిమంది నుంచి వేరుచేయడం చాలా కష్టం.

ఈ స్థితిని మార్చినది రాజాజ్ఞ. 1787లో హబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండవ జోసెఫ్ తన రాజ్యంలోని యూదులందరూ స్థిరమైన జర్మన్ ఇంటిపేర్లు పెట్టుకోవాలని ఆదేశించాడు. 1788 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. పోలండ్ విభజనలో తమకు దక్కిన ప్రాంతాలలో ప్రష్యా పాలకులు 1797లోను, రష్యా సామ్రాజ్యం 1804 నాటి యూదు శాసనంతోను, ఫ్రాన్స్ 1808 నాటి నెపోలియన్ ఆజ్ఞతోను, రష్యా ఆధీనంలోని పోలండ్ రాజ్యం 1821లోను ఇదే పని చేశాయి. ప్రభుత్వాల ఉద్దేశం పన్నులు, సైనిక సేవ, న్యాయస్థాన వ్యవహారాలు సాఫీగా సాగడమే. పేర్లు పెట్టుకున్న పద్ధతిలో మాత్రం ప్రాంతానికొక తీరు కనిపిస్తుంది. తల్లి లేదా అమ్మమ్మ పేరు నుంచి వచ్చిన రివ్కిన్, సోర్కిన్, డ్వోర్కిన్, మల్కిన్ వంటివి నేటి బెలారస్‌లోని మొగిలేవ్ ప్రాంతంలో విరివిగా పుట్టాయి. పోలండ్‌లో ఊరి పేరు నుంచి వచ్చిన వర్షావ్‌స్కీ వంటివి ఎక్కువ. గలీషియాలో, అంటే విభజనలో ఆస్ట్రియాకు దక్కిన దక్షిణ పోలండ్, పశ్చిమ ఉక్రెయిన్ భూభాగంలో, గులాబీ, బంగారం, కొండ, రాయి అనే అర్థాలున్న జర్మన్ మాటలను జతచేసి అల్లిన రోజెన్‌బర్గ్, గోల్డ్‌స్టయిన్ వంటివి కోకొల్లలు. అలెగ్జాండర్ బైడర్ 1993లో రష్యా సామ్రాజ్యపు యూదు ఇంటిపేర్లపైన, ఆ తరువాత పోలండ్ రాజ్యం, గలీషియాల ఇంటిపేర్లపైన ప్రచురించిన నిఘంటువులు ఏ పేరు ఏ జిల్లాలో పుట్టిందో చూపించి పరిశోధనకు గట్టి పునాది వేశాయి. ఒకే ఇంటిపేరు గలవారంతా ఒకే మూలపురుషుడి సంతానమనే నమ్మకం తప్పని కూడా ఆ నిఘంటువులవల్లనే స్థిరపడింది, ఎందుకంటే దర్జీ అనే అర్థమున్న ష్నైడర్ వంటి పేరును ఒకరితో ఒకరికి సంబంధంలేని ఎందరో దర్జీలు వేర్వేరు ఊళ్ళలో ఏకకాలంలో స్వీకరించారు.

గలీషియా రిజిస్టర్లను తొలిసారి చూసేవారిని కలవరపరిచే విషయం ఒకటుంది: వాటిలో అత్యధిక సంఖ్యలో యూదు శిశువులు అక్రమ సంతానంగా నమోదై ఉంటారు. ఆ సమాజపు నైతిక జీవితం గురించి ఆ మాట చెప్పేది ఏమీ లేదు. యూదుల వివాహానికి ఆస్ట్రియా ప్రభుత్వం ముందస్తు అనుమతిని, దానికి రుసుమును విధించింది; వధూవరులు జర్మన్ భాషలో రాసిన మతనీతి పాఠ్యపుస్తకంలో పరీక్షకు కూర్చోవాలని 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో నియమం పెట్టింది. బీద కుటుంబాలు ఆ భారం మోయలేకా, భక్తిపరులు రాజ్యపు జోక్యాన్ని సహించలేకా, రబ్బీ సమక్షంలో పందిరి కింద ధర్మశాస్త్రం ప్రకారం పెళ్ళి చేసుకొని ఊరుకున్నారు. ఆ నియమాలు సడలిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. ధర్మశాస్త్రం దృష్టిలో వారు నిండైన దంపతులు. ప్రభుత్వం దృష్టిలో ఆమె అవివాహిత, బిడ్డకు తల్లి ఇంటిపేరే గతి. ఆ తల్లి కూడా అలాగే పుట్టి ఉంటే, ఆమెకున్న ఇంటిపేరు ఆమె తల్లిది. ఆ విధంగా ఒక కుటుంబపు ఇంటిపేరు మూడు తరాలపాటు స్త్రీల ద్వారానే సాగిపోయిన సందర్భాలున్నాయి. గుమాస్తాలు కొందరి పేర్ల పక్కన 'రెక్టే' అనే లాటిన్ మాట చేర్చి రెండో ఇంటిపేరు రాశారు. చట్టప్రకారం చెల్లే పేరు ఇది అని దాని భావం. ఆస్తి పంపకం కోసమో, విదేశ ప్రయాణానికి కాగితాలు కావలసి వచ్చో, మనవలు పుట్టిన తరువాత వృద్ధ దంపతులు ప్రభుత్వ కార్యాలయంలో పెళ్ళి నమోదు చేసుకోవడం, అప్పుడు గుమాస్తా పాత రిజిస్టరు తిరగేసి పిల్లల జనన నమోదు పక్కన తండ్రి పేరు చేర్చడం జరిగేది. కనుక ఈ రిజిస్టర్లలో అంచున చిన్న అక్షరాలతో రాసిన వ్యాఖ్యల గడికి మిగిలిన గడులన్నింటికంటె విలువ ఎక్కువ.

రష్యా సామ్రాజ్యంలో ప్రధాన ఆధారం రివిజన్ జాబితాలు. తలపన్ను చెల్లించవలసినవారిని లెక్కించడానికి 1719 నుంచి 1858 వరకు పదిసార్లు జరిగిన గణనలివి. పోలండ్ విభజనల ద్వారా యూదులు పెద్దసంఖ్యలో ఆ సామ్రాజ్యపు ప్రజలయ్యాక వారి పేర్లు వీటిలోకి ఎక్కాయి. ఒక్కొక్క కుటుంబం కింద పురుషుల పేర్లు, గత గణన నాటి వయస్సు, ప్రస్తుత వయస్సు, మధ్యకాలంలో లేకుండా పోయినవాడు ఏమయ్యాడన్న వివరం వరుసగా ఉంటాయి: ఫలానా ఏడాది మరణించాడు, ఫలానా ఏడాది సైన్యానికి ఇవ్వబడ్డాడు, ఫలానా ఊరికి తరలిపోయాడు. తలపన్ను పురుషులకే కనుక 1811 గణనలో స్త్రీలను రాయనేలేదు. ఆ ఒక్క నిర్ణయం వల్ల ఎన్నో కుటుంబాలలో ఆ తరపు తల్లుల పేర్లు శాశ్వతంగా చెరిగిపోయాయి. ఈ నష్టం గురించి పరిశోధకులు చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదు.

జాబితాలో పేరుండడం ప్రమాదకరమైన కాలం 1827లో వచ్చింది. మొదటి నికొలస్ చక్రవర్తి యూదులకు నిర్బంధ సైనిక సేవ విధించి, పన్నెండేళ్ళ బాలురను సైతం తీసుకోవడానికి అనుమతించాడు. పద్దెనిమిది నిండని పిల్లలను కాంటనిస్టులనే పేరుతో సైనిక శిక్షణ పటాలాలకు పంపి, ఆపైన 25 ఏళ్ళ సేవను లెక్కించేవారు. మతమార్పిడికి వారిపై ఒత్తిడి తీవ్రంగా ఉండేది. ఎవరిని పంపాలో తేల్చే పని కహల్‌కు, అంటే యూదు సమాజపు స్థానిక పాలక మండలికి, అప్పగించడం వల్ల బీదల పిల్లలు, అనాథలు ముందు బలయ్యారు. పిల్లలను ఎత్తుకుపోవడానికి 'ఖాపర్లు' అనే పట్టుకునేవాళ్ళు తయారయ్యారు. 1856లో కాంటనిస్టు పద్ధతి రద్దయినా, తల్లిదండ్రులలో కొడుకు పుట్టుకను దాచే అలవాటు మిగిలిపోయింది. 1874 నాటి సైనిక చట్టం ఏకైక కుమారుడికి మినహాయింపు ఇవ్వడంతో, కొడుకులను వేర్వేరు కుటుంబాల పేర నమోదు చేయించారని, అందుకే సొంత అన్నదమ్ములకు వేర్వేరు ఇంటిపేర్లు ఉన్నాయని చెప్పే కథనాలు అనేక ఇళ్ళలో వినిపిస్తాయి. అటువంటి కథనాన్ని పత్రంతో సరిపోల్చకుండా అంగీకరించరాదు, అలాగని కొట్టిపారేయనూ రాదు.

1835 నుంచి రష్యా సామ్రాజ్యంలో జనన, మరణ, వివాహ, విడాకుల రిజిస్టర్లు తప్పనిసరయ్యాయి. రాజ్య రబ్బీ అనే ప్రభుత్వ గుర్తింపు పొందిన ఉద్యోగి వాటిని నిర్వహించేవాడు. చాలామంది భక్తులు ఆయనను నిజమైన రబ్బీగా లెక్కపెట్టలేదు. పోలండ్ రాజ్యంలో నెపోలియన్ పద్ధతి నడిచింది: ప్రతి జననమూ ఒక చిన్న కథనం, తండ్రి బిడ్డను అధికారి ఎదుటికి తెచ్చి ఇద్దరు సాక్షుల సమక్షంలో చెప్పిన మాటల నమోదు. 1826కు ముందు అక్కడి యూదుల పుట్టుకలు కేథలిక్ మతగురువు నిర్వహించే పౌర రిజిస్టరులో ఉంటాయి, ఆ తరువాత విడి పుస్తకాలలో. 1868 నుంచి పోలిష్ భాష స్థానంలో రష్యన్ వచ్చింది. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు నలుగురూ ఒకే రోజున నమోదైన పుటలు ఈ పుస్తకాలలో అరుదు కాదు, ఎందుకంటే బడిలో చేర్చడానికో, పెళ్ళికో కాగితం కావలసినప్పుడే తండ్రి కార్యాలయం మెట్లెక్కేవాడు. ఈ రిజిస్టర్లకు సాధారణంగా రెండు ప్రతులుండేవి, ఒకటి స్థానికంగాను మరొకటి ప్రభుత్వం వద్దను. 'అంతా తగలబడిపోయింది, వెతికి లాభం లేదు' అని వలసవెళ్ళిన తరాలు పిల్లలకు చెప్పిన మాట చాలా ఊళ్ళ విషయంలో నిజం కాకపోవడానికి ఆ రెండో ప్రతే కారణం.

సమాజం సొంతంగా రాసుకున్నవాటిలో ముందుగా చెప్పవలసినది సమాధి ఫలకం. దానిపైన హీబ్రూలో మృతుడి పేరుతోపాటు తండ్రి పేరు తప్పక ఉంటుంది కనుక, ఒక్క రాయి రెండు తరాలను కలుపుతుంది. పైభాగంలో ఆశీర్వదిస్తున్న రెండు అరచేతులు చెక్కి ఉంటే ఆయన కొహెన్, నీళ్ళకూజా ఉంటే లేవీ. సంవత్సరాన్ని అంకెలలో కాక అక్షరాలలో, వేల స్థానం వదలి రాస్తారు. 660 అని అక్షరాలు చెబితే దానికి 1240 కలిపి సుమారు 1900గా గ్రహించాలి, యూదు సంవత్సరం శరత్కాలంలో మొదలవుతుంది కనుక ఒక ఏడాది తక్కువ కావచ్చు. పవిత్రనామం, వాడుకనామం వేరుగా ఉండడం మరో చిక్కు: రాతిపై జింక అనే అర్థంగల హీబ్రూ పేరు త్స్వి ఉంటే, రష్యన్ జాబితాలో అదే అర్థంగల యిడ్డిష్ పేరు హిర్ష్ ఉంటుంది. అష్కెనాజీలు బతికున్న బంధువు పేరును బిడ్డకు పెట్టరు, గతించినవారి పేరే పెడతారు. మనవడికి తాత పేరు కనిపించిందంటే ఆ బిడ్డ పుట్టేనాటికి తాత లేడని చాలావరకు నిశ్చయించవచ్చు. ఏ రిజిస్టరూ లేని కాలానికి తేదీలు కట్టడంలో ఈ ఆచారం చేసిన సాయం అపారమైనది. పింకస్ అనబడే సమాజ దస్త్రాలు, అంత్యక్రియలు జరిపే హెవ్రా కదీషా సంఘాల పుస్తకాలు కూడా ఇలాగే ఉపకరిస్తాయి గాని, మిగిలినవి కొద్ది.

1881 నుంచి 1914 వరకు సుమారు ఇరవై లక్షలమంది తూర్పు యూరప్ యూదులు అమెరికా చేరారు. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు తమ తాతల పేర్లు మార్చేశారని చెప్పుకోని కుటుంబం అరుదు. నిజానికి 1892లో తెరిచిన ఆ వలస తనిఖీ కేంద్రంలో అధికారులు కొత్త పేర్లు రాయలేదు. ఓడ ఎక్కిన రేవులో నౌకాసంస్థ గుమాస్తాలు తయారుచేసిన ప్రయాణికుల జాబితాతో మనుషులను సరిచూశారు. పేర్లు మార్చుకున్నది వలసవచ్చినవారే, తరువాతి సంవత్సరాలలో, ఉద్యోగం కోసమో, పలకడానికి సులువనో. పరిశోధకులకు దీని ప్రాధాన్యం ఏమంటే, ఓడ జాబితాలో పాత పేరు అలాగే దొరుకుతుంది. 1907 నాటి చట్టం తరువాతి జాబితాలలో స్వదేశంలో విడిచివచ్చిన దగ్గరి బంధువు పేరు, ఊరు కూడా ఉంటాయి. ఆ ఊరి పేరే అసలు తాళంచెవి, ఎందుకంటే స్వదేశపు పత్రాలన్నీ ఊరివారీగానే భద్రమయ్యాయి. ఆ ఊరు లెంబర్గ్ అయితే, అది 1918 వరకు ఆస్ట్రియాలోను, ఆపైన ల్వూఫ్ పేరుతో పోలండ్‌లోను, తరువాత సోవియట్ ఉక్రెయిన్‌లోను ఉండి, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ల్వివ్ అయింది. దాని యూదు రిజిస్టర్లలో కొన్ని మాత్రం వార్సాలోని ప్రాచీన పత్రాల కేంద్ర భాండాగారంలో ఉన్నాయి.

యూదుల కుటుంబ పరిశోధన ఒక శాస్త్రీయ కృషిగా రూపుకట్టింది జర్మనీలో. 1905లో బెర్లిన్‌లో జర్మన్ యూదుల సమగ్ర పత్రభాండాగారం ఏర్పడింది. 1924లో కంటి వైద్యుడు ఆర్థర్ చెల్లిట్సర్ యూదు కుటుంబ పరిశోధన సంఘాన్ని స్థాపించి ఒక పత్రికను నడిపాడు. నాజీలు అధికారానికి వచ్చాక వంశావళి ప్రాణాలు తీసే ఆయుధమైంది. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాల కింద తాతల, అవ్వల మతమే మనిషి పౌరహక్కులను నిర్ణయించింది. రైష్ వంశపరిశోధన కార్యాలయం యూదుల రిజిస్టర్లను స్వాధీనం చేసుకొని, యుద్ధపు చివరి సంవత్సరాలలో వాటిలో అనేకం ఫిల్ముకెక్కించింది. భాండాగారం అధిపతి జాకబ్ జాకబ్సన్‌తో ఆ కార్యాలయం కోసం బలవంతంగా పని చేయించి, 1943లో తెరేజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆయన బతికి బయటపడ్డాడు. నెదర్లాండ్స్‌కు వెళ్ళిన చెల్లిట్సర్ అదే ఏడాది సోబిబోర్ మరణశిబిరంలో హత్యకు గురయ్యాడు. అసలు రిజిస్టర్లలో చాలా భాగం నశించగా, హంతకులు తీయించిన ఆ ఫిల్ములే జర్మన్ యూదుల కుటుంబ చరిత్రకు నేడు దిక్కయ్యాయి.

నాజీలు జరిపిన యూదుల మారణకాండ తరువాత వంశచరిత్రను మళ్ళీ సమాజమే రాయవలసి వచ్చింది. మృతుల పేర్లు రాసిపెట్టే సంప్రదాయం పాతదే: మొదటి క్రూసేడు నాటి 1096 హత్యల నుంచి హతులైనవారి పేర్లను ప్రార్థనలో చదవడం కోసం 1296లో న్యూరెంబర్గ్‌లో స్మృతిగ్రంథం ప్రారంభమైంది. ఇరవయ్యో శతాబ్దంలో, ఒకే ఊరివాళ్ళు విదేశాలలో కట్టుకున్న సంఘాలు యిజ్‌కోర్ పుస్తకాలనే ఊరి స్మారక సంపుటాలు వెలువరించాయి. ప్రధానంగా యిడ్డిష్, హీబ్రూ భాషలలో ఉన్న వాటిలో వీధుల పటాలు, బడుల జ్ఞాపకాలు, చివర హతుల జాబితా ఉంటాయి. 1953లో జెరూసలేంలో ఏర్పడిన యాద్ వషెం సంస్థ, ఒక్కొక్క హతుడికి ఒక్కొక్క సాక్ష్యపత్రాన్ని బతికినవారి చేత నింపించింది. ఆ పత్రాలూ ఇతర ఆధారాలూ కలిసి అక్కడ నమోదైన పేర్లు 48 లక్షలకు మించాయి. జ్ఞాపకం మీద రాసినవి కనుక వయస్సులు తప్పవచ్చు, ఒకే మనిషికి రెండు పత్రాలుండవచ్చు. అయినా పత్రం అడుగున దాన్ని నింపినవారి పేరు, బంధుత్వం ఉంటాయి, అవి చదివి సజీవులైన జ్ఞాతులను కనుక్కొన్న కుటుంబాలున్నాయి.

1976లో అలెక్స్ హేలీ రచన 'రూట్స్' అమెరికాలో పుట్టించిన వంశాన్వేషణ ఉత్సాహం యూదులనూ తాకింది. మరుసటి ఏడాదే డాన్ రాటెన్‌బర్గ్ మార్గదర్శక గ్రంథం వెలువడింది, న్యూయార్క్‌లో యూదు వంశపరిశోధన సంఘం ఏర్పడింది. అసలు చిక్కు పేర్ల వర్ణక్రమంలో ఉండేది. ఉచ్చారణను బట్టి పేర్లను సంకేతాలుగా మార్చే అమెరికన్ పద్ధతి సౌండెక్స్, మోస్కోవిట్జ్ అనే ఒకే పేరును రెండు రకాల వర్ణక్రమాలతో రాస్తే రెండు వేర్వేరు సంకేతాలిచ్చేది. 1985లో గ్యారీ మోకోటాఫ్, రాండీ డైచ్ స్లావ్, జర్మన్ ఉచ్చారణలకు తగినట్టు కొత్త పద్ధతిని రూపొందించి ఆ లోపాన్ని తీర్చారు. సోవియట్ వ్యవస్థ కూలాక పత్రభాండాగారాల తలుపులు తెరుచుకున్నాయి. 1995లో ప్రారంభమైన పోలండ్ యూదు రికార్డుల సూచిక వెనుక ఒక వైద్య కారణం ఉంది: మాంట్రియల్ నివాసి స్టాన్లీ డైమండ్ తన కుటుంబంలోని బీటా తలసీమియా వాహకత్వం, అంటే రక్తానికి సంబంధించిన వంశపారంపర్య లక్షణం, ఏయే శాఖలకు పాకిందో తెలుసుకొని బంధువులను హెచ్చరించదలచి పాత రిజిస్టర్లకు సూచిక కట్టడం మొదలుపెట్టాడు. జన్యుపరీక్షలు ఈ కృషికి తోడయ్యాయి గాని, అష్కెనాజీలు శతాబ్దాలపాటు తమలో తామే పెళ్ళాడినందున పరీక్ష చూపించే బంధుత్వం వాస్తవం కంటె దగ్గరిదిగా కనబడుతుంది. పత్రం తోడులేనిదే దానిపై ఆధారపడడం తగదు.

పోలండ్ చట్టం ప్రకారం జనన నమోదులు నూరేళ్ళు, వివాహ, మరణ నమోదులు ఎనభై ఏళ్ళు స్థానిక రిజిస్ట్రీ కార్యాలయంలో ఉండి, ఆ తరువాతనే భాండాగారానికి చేరి అందరికీ అందుబాటులోకి వస్తాయి. మారణకాండలో హతులైన సుమారు 15 లక్షలమంది యూదు బాలలలో, 1930లలో పోలండ్‌లో పుట్టినవారి జనన నమోదులు 2030లలో గాని పరిశోధకులకు తెరుచుకోవు.